బరువు రాకముందు కదిలిన పెట్టె

మెట్ల కింద గది,
ఫిబ్రవరి 3

చెల్లాయికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీసి, ఏం రాయాలో తోచక, మడిచి బల్ల కాలు కింద పెట్టాను. బల్ల ఊగడం మానేసింది. ఆ కాగితానికి అంతకంటే మంచి ఉద్యోగం దొరకదనిపించింది. కానీ నీ ఉత్తరం చివర "జవాబు రాకపోతే నేనే దిగుతాను" అని బెదిరించావు. నువ్వు దిగితే నా గది ఊడుస్తావు. ఊడిస్తే నెల రోజులదాకా నా కళ్ళజోడు నాకు దొరకదు. అందుకని వేరే కాగితం తీశాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను వినపడనట్టు నటిస్తాను. ఇద్దరికీ శ్రమ.

ఎందుకు రావడం లేదని అడిగావు. పని. పెట్టెల గదిలో రోజుకు నలభై పెట్టెలు సర్దుతున్నాం. నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతాను, చెప్పిందే చెప్పకపోతే ముసలితనానికి విలువేముంది? ఊళ్ళో పుట్టే ప్రతి బిడ్డకీ మా ఆఫీసు ఒక అట్టపెట్టె పంపుతుంది. అడుగున చిన్న పరుపు. దానిమీద రెండు దుప్పట్లు, చొక్కాలు, టోపీలు, మేజోళ్ళు, తువ్వాలు, సబ్బు, థర్మామీటరు, గోళ్ళు తీసే బుల్లి కత్తెర. అన్నీ తీసేశాక అదే పెట్టెలో పరుపు వేసి బిడ్డని పడుకోబెట్టుకోవచ్చు. మనిషి మొదటి మంచం అట్టది. చివరిది ఏదైతేనేం.

అట్టపెట్టెలంటే గుర్తొచ్చింది. నేను బడికి వెళ్ళింది లేదు కదా, అక్షరాలు నేర్చుకుంది అట్టపెట్టెల మీదే. నా అంతట నేను చదివిన మొదటి వాక్యం "ఈ వైపు పైకి". ఆ ఒక్క వాక్యాన్ని బతుకంతా పాటించి ఉంటే ఎక్కడో ఉండేవాణ్ణి.

మా గదికి ఒకటే శాస్త్రం. ప్రసూతి వార్డు నుంచి తల్లి పేరు, ఇంటి గుర్తులు, బిడ్డ బరువు వస్తాయి. అవి చీటీ మీద ఎక్కించి, ముద్ర వేసి, పెట్టెకు అంటిస్తారు. రెండున్నర కిలోల లోపైతే చిన్న చొక్కాలు, పైనైతే పెద్దవి. బరువు రాకముందు పెట్టె గది దాటకూడదు. చీటీల బల్ల దగ్గరికి కొత్తగా వచ్చినాయన మొన్న ఒక తల్లికి ఎనిమిది కిలోల బిడ్డ పుట్టినట్టు రాశాడు. "అయ్యా, ఇది బిడ్డా, సిమెంటు బస్తానా?" అన్నాను. నవ్వాడు గానీ నొచ్చుకున్నాడు.

మన పిట్టని అడిగానని చెప్పు. అల్లుడి నడుంనొప్పి తగ్గిందా?

నీ అన్నయ్య

*

కుట్టుమిషన్ పక్కనుంచి,
ఫిబ్రవరి 16

అన్నయ్యకు,

బండెడు ఊక దంచి గుప్పెడు గింజలు ఇచ్చినట్టు, అంత ఉత్తరంలో నేనడిగినదానికి జవాబు ఒక్క ముక్క: పని. ఎనిమిది కిలోల బిడ్డ సంగతి బాగుంది. పిట్టకి చదివి వినిపించలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

దానికి ఆరో నెల. ఎవరికీ చెప్పొద్దంది. నాన్నకి చెప్పొద్దని విడిగా అనలేదు కాబట్టి చెబుతున్నాను. సంతోషించు, కానీ గట్టిగా సంతోషించకు. ఈ ఇంట్లో అందరం మునివేళ్ళ మీద నడుస్తున్నాం.

మొన్న గుండీలు కుడుతూ ఉన్నట్టుండి అంది, "నాన్నకి నామీద కోపం పోలేదా అత్తా?"

"కోపమెందుకే?"

"వాళ్ళ ఆఫీసు మీద ఫిర్యాదు చేశానుగా. పని చేసేచోట నాన్న తలెత్తుకోలేకపోయుంటాడు. అందుకే మేం ఈ ఊరొచ్చి మూడేళ్ళయినా గడప తొక్కలేదు."

విన్నావా? నువ్వు రానందుకు అది తనని తాను నిందించుకుంటోంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, మర్చిపోకు. ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చింది. మెట్లెక్కడానికి మనిషి పట్టుకోవాల్సి వచ్చింది. తలుపు ముందు ఆ పెట్టె. మూత మీద "మీ ఇంటికి వచ్చిన చిన్నారికి స్వాగతం" అని అచ్చు. అది దాన్ని దాటలేదు, వెనక్కి తిరగలేదు, అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయింది. ఎవరి పొరపాటో కనుక్కుంటానని వారానికే మీ ఆఫీసుకు వెళ్ళిందంటే తప్పేముంది? అందులో నీ తప్పేముంది?

వచ్చి ఒక్కసారి దాని తలమీద చెయ్యి వేసి వెళ్ళు. అంతకంటే ఏమీ అడగను.

చెల్లాయి

*

మెట్ల కింద గది,
మార్చి 9

చెల్లాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గట్టిగా సంతోషించవద్దన్నావు కాబట్టి మెల్లగా, గది తలుపు వేసుకుని సంతోషించాను. పైన మెట్లెక్కేవాళ్ళకి కూడా వినపడలేదు.

రావాలనే ఉంది. మోకాలు ఒప్పుకోవడం లేదు. ఈ మోకాలి సంగతి వింటే నవ్వుతావు. డాక్టరు నొక్కి చూసి "ఎప్పటినుంచి?" అన్నాడు. "ఎడమదా, కుడిదా?" అన్నాను. "నొప్పి ఏది?" అన్నాడు. "నడిస్తే ఎడమ, ఆగితే కుడి" అన్నాను. మాత్రలు రాసి పంపేశాడు. అతని తప్పు లేదు.

దుప్పటి మడతపెట్టే విధానం ఒకటి ఉంది, పిట్టకి పనికొస్తుంది. నాలుగు మూలలూ కలపకూడదు. ఒక మూల బయటికి వదిలేయాలి, బిడ్డని ఎత్తుకున్న మనిషి ఒంటిచేత్తో లాగితే విచ్చుకునేలా. ఇది నాకు చీటీలమ్మ నేర్పింది. నీకు గుర్తుందా ఆమె? పదకొండేళ్ళు చీటీల బల్ల దగ్గర కూర్చుంది. ఫిర్యాదు తర్వాత ఆమెనే తీసేశారు. ఇప్పుడు మా వీధికి రెండు వీధుల అవతల లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. మొన్న అటు వెళ్తుంటే కనబడింది. చొక్కా కాలరు మీద అంత శ్రద్ధ పెట్టే మనిషిని నేను చూడలేదు. ఆమె బల్ల దగ్గర ఉన్నన్నాళ్ళూ బరువు రాకముందు ఒక్క పెట్టె కదల్లేదు.

పలకరించలేదు. తొందరలో ఉన్నాను.

పిట్టకి చెప్పు, నాకు దానిమీద కోపం లేదు. ఏనాడూ లేదు. ఈ మాట మాత్రం నేను రాసినట్టే, ఒక్క ముక్క మార్చకుండా చెప్పు.

నీ అన్నయ్య

*

కుట్టుమిషన్ పక్కనుంచి,
మార్చి 21

అన్నయ్యకు,

ఈసారి తిట్టను. తిట్టే ఓపిక లేదు.

రెండు ఉత్తరాల్లోనూ ఒకే మాట రాశావు, బరువు రాకముందు పెట్టె కదలదని. పుట్టి ఏడవని బిడ్డకి ఆ చీటీ మీద బరువు ఎవరు వేశారు అన్నయ్యా?

నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. ఆ పెట్టెని గుమ్మంలోంచి లోపలికి లాగింది నేను. పిట్ట కంట పడకుండా విప్పి, బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. పైనే పసుపు టోపీ ఉంది. మీ ఆఫీసు టోపీలన్నీ తెల్లవి. ఆ పసుపుది నేను కుట్టింది, అంచుకి ఆకుపచ్చ దారం. పిట్టకి పెట్టె పంపేటప్పుడు ఇది కూడా పెట్టమని నీ చేతికే ఇచ్చాను. ఇచ్చినప్పుడు దానికి ఇంకా ఎనిమిదో నెల.

ఆ టోపీ తీసి నా కుట్టుసామాను డబ్బా అడుగున దాచాను. దానికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఎవరినో తీసేశారని తెలిసినప్పుడు "పోనీలే, విషయం సద్దుమణిగింది" అనుకున్నాను. ఆమెకి పిల్లలున్నారా, ఇల్లెలా గడుస్తోంది, ఒక్కసారి కూడా అడగలేదు. నిన్ను వేలెత్తి చూపించడానికి నాకు వేలు లేదు.

ఇప్పుడు దానికి ఏడు నిండాయి. కాన్పు అయ్యేదాకా దీని గురించి ఒక్క మాట దాని చెవిన పడకూడదు. తర్వాత సంగతి తర్వాత. కానీ నాకు మాత్రం రాయి. ఏం జరిగిందో ఏమీ దాచకుండా రాయి. మోకాలి కథలు వద్దు.

చెల్లాయి

*

మెట్ల కింద గది,
ఏప్రిల్ 11

చెల్లాయికి,

ఇన్నాళ్ళూ నేను దాస్తున్నాననుకున్నాను. నువ్వూ దాస్తున్నావని తెలిసి ఊరట కలిగింది. అలా కలిగినందుకు సిగ్గేసింది. సరే, మోకాళ్ళు లేకుండా రాస్తాను.

ఆ వారం దుప్పట్లలో మంచి సరుకు వచ్చింది. మెత్తటివి, అరవై మాత్రమే. రోజుకు నలభై పెట్టెలు పోయే గదిలో అవి ఒక్క రోజైనా నిలవవు. పిట్ట వంతు వచ్చేసరికి మళ్ళీ గరుకువే మిగులుతాయి. ఊరందరి పిల్లలకీ సర్దే తాతని, నా మనవడికి గరుకు దుప్పటా? చీటీలమ్మ భోజనానికి వెళ్ళింది. పెట్టె సర్దాను. మెత్తటివి రెండు, నీ టోపీ పైన. వెనక అరలో దాచి, కాన్పు అయ్యాక పంపుదామనుకున్నాను. చీటీ లేని పెట్టె అరలో కనబడితే ఆమె విప్పేస్తుంది. అందుకని చీటీ కూడా రాశాను. పేరు రాశాను, ఇల్లు రాశాను. బరువు గడి ఖాళీగా ఉంటే వెక్కిరిస్తున్నట్టు అనిపించింది. మూడు అని రాశాను. ఆమె బల్లమీది ముద్ర తీసి గుద్దాను. బరువుదేముంది, చొక్కా సైజు కోసమేగా అనుకున్నాను.

మరుసటి రోజునుంచి నాకు జ్వరం, రెండు రోజులు వెళ్ళలేదు. అరలు ఖాళీ చేస్తూ బండివాడు ఆ పెట్టె చూశాడు. చీటీ ఉంది, ముద్ర ఉంది, బరువు ఉంది. ఎక్కించాడు. అతనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను తిరిగి వెళ్ళిన పొద్దున అర ఖాళీగా కనబడింది. అదే పొద్దున అల్లుడు ఫోన్ చేశాడు.

తర్వాత వారానికి పిట్ట ఆఫీసుకు వచ్చింది. మా ఆఫీసు పెద్దాయన గదిలో కుర్చీలో కూర్చుంది. నన్నూ, చీటీలమ్మనీ పిలిచారు. నేను చేతిలో టేపుచుట్టతోనే వెళ్ళాను. దాని కొస చుట్టకే అతుక్కుపోతే గోటితో గీకుతూ నిలబడ్డాను.

"ఈ ముద్ర నీదేనా?" అన్నారు పెద్దాయన.

"నాదే సార్."

"ఈ రాత?"

ఆమె చీటీ చూసింది. పిట్టని చూసింది. నా వైపు చూసింది.

"గుర్తులేదు సార్" అంది.

నాకు టేపు కొస దొరికింది. దాన్ని పట్టుకునే ఉన్నాను. నోరు మాత్రం తెరవలేదు. అంతే చెల్లాయ్, నేను చేసిందల్లా అదే. ఆ గదిలోంచి బయటికి వచ్చాక పిట్ట నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "ఆమెని ఊరికే వదలొద్దు నాన్నా" అంది. ఆ రోజునుంచి దాని మొహం చూడలేకపోయాను. కోపంతో రావడం లేదనుకుంటోందని నువ్వు రాస్తే, ఆ అపోహలో కూడా కొన్నాళ్ళు సుఖంగా ఉన్నాను.

నీ ఉత్తరం వచ్చాక లాండ్రీకి వెళ్ళాను. మూడుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగోసారి ఆమే చూసింది.

"ఏం బాబాయ్‌గారూ, చేతిలో బట్టలేం కనబడవే?"

"బట్టలకి రాలేదమ్మా."

"అయితే కాస్త అవతలికి జరగండి, ఆవిరి కొడుతుంది."

"ఆ పెట్టె..."

"తెలుసు. మీ మూడంకెకి తోక లోపలికి ముడుచుకుని ఉంటుంది. పదకొండేళ్ళు చూశాను."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఆ పిల్ల ఎదురుగా కూర్చుందండీ. బిడ్డ పోయి వారమే. పంపింది మీ నాన్నే అని అది కూడా నా నోటితో చెప్పాలా? మీరు చెబుతారనుకున్నాను. ఆ రోజు కాకపోతే ఆ వారం. ఆ వారం కాకపోతే ఆ నెల. తర్వాత అనుకోవడం మానేశాను."

నోటికొచ్చింది అనేశాను, బరువు చొక్కా సైజు కోసమే అనుకున్నానని.

"తూచారంటే బిడ్డ ఏడ్చిందని అర్థం బాబాయ్‌గారూ. అందుకే ఆగమనేది. చొక్కాదేముంది, పెద్దదైతే నెలకి సరిపోతుంది."

ఇన్నేళ్ళు ఆ గదిలో ఉండి ఆ మాట నాకు తట్టలేదు. క్షమించమన్నాను.

"అది ఇప్పుడు నా దగ్గర లేదు. ఉంటే ఇచ్చేదాన్నే. జరగండి, మీ వెనక మనిషి నిలబడ్డాడు."

జరిగాను.

దీనితో పాటు పిట్ట పేర ఒక ఉత్తరం పెడుతున్నాను, అంటించి ఉంది. అందులో ఇదే ఉంది, నీ టోపీ సంగతి తప్ప. అది చెప్పాలో వద్దో నీ ఇష్టం. ఎప్పుడివ్వాలో కూడా నీదే. ఇవ్వకుండా ఉండడం మాత్రం నీ ఇష్టం కాదు.

నీ అన్నయ్య

*

ఆసుపత్రి వసారా నుంచి,
మే 18

అన్నయ్యకు,

ఆడపిల్ల. పొద్దున పదింటికి. ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే నర్సమ్మ "ఇక చాలు తల్లీ, నమ్మాం" అంది. రెండు కిలోల తొమ్మిది వందలు. పిట్ట బాగుంది.

చెల్లాయి

ఈ ఉత్తరం నాలుగు రోజులు సంచిలోనే ఉండిపోయింది, ఇవాళ పంపుతున్నాను. ఇక్కడి ఆఫీసు నుంచి పెట్టె వచ్చింది. బండివాడు గుమ్మంలో దించబోతే అల్లుడు అడ్డం పరిగెత్తాడు. పిట్ట లోపలినుంచి "తీసుకోండి, పాపం మోసుకొచ్చాడు" అంది. దుప్పట్లు వాడుతోంది. పెట్టెలో మాత్రం పిల్లని పడుకోబెట్టలేదు. "నాన్నకి చెప్పావా, వస్తానన్నాడా?" అని రోజూ అడుగుతోంది. నీ ఉత్తరం నా సొరుగులో ఉంది. సొరుగు తెరిచినప్పుడల్లా కత్తెర కోసమే తెరిచినట్టు నాకు నేనే నటిస్తున్నాను.

*

మెట్ల కింద గది,
జూన్ 6

చెల్లాయికి,

రెండు కిలోల తొమ్మిది వందలు. బస్సులో, వీధిలో, లాండ్రీ మలుపులో అదే అంకె గొణుక్కుంటూ తిరిగాను.

పెద్దాయనకి కాగితం రాసి ఇచ్చాను. నాలుగు వరుసలు. అంత పొట్టిగా నేను ఎప్పుడూ రాయలేదు, అక్షరాలు నావేనా అనిపించింది. ఆయన చదివి "మూడేళ్ళ నాటి ఫైలయ్యా, ఇప్పుడు తెరిచి ఏం చేద్దాం?" అన్నారు. "తెరవండి సార్" అన్నాను. తెరిచారు. నన్ను ఈ నెలాఖరుతో ఆపేస్తున్నారు. చీటీలమ్మని మళ్ళీ రమ్మని కబురు పంపారు. ఆమె రానంది. ఇస్త్రీ చేసిన చొక్కా ఎవరింటికి వెళ్ళినా ఎవరూ ఏడవరని చెప్పిందట.

పిల్లని చూడాలని ఉంది. బస్టాండుదాకా వెళ్ళాను. ఉత్తరం అది చదవకముందు వచ్చి పిల్లని ఎత్తుకుంటే అది ఇంకో దొంగ ముద్ర అవుతుంది. చదివాక అది రమ్మంటే వస్తాను.

నీ అన్నయ్య

*

కుట్టుమిషన్ పక్కనుంచి,
జులై 24

అన్నయ్యకు,

నీ ఉత్తరం మంగళవారం ఇచ్చాను. పిల్లకి రెండు నెలలు నిండాయి, పిట్ట కోలుకుంది. ఇంకా దాచుకోవడానికి నాకు సాకు దొరకలేదు. ముందు టోపీ సంగతి నేనే చెప్పాను. ఆ తర్వాత నీ ఉత్తరం చేతిలో పెట్టాను.

కిటికీ దగ్గర నిలబడి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. మడిచింది.

"మూడేళ్ళు ఒకే గదిలో కూర్చుని గుండీలు కుట్టాం కదా అత్తా" అంది. ఇంకో రెండు మాటలు అని ఉంటే బాగుండేది.

సాయంత్రం ఆ లాండ్రీ ఏ వీధిలో ఉందని అడిగింది. నువ్వు రాసినంతవరకు చెప్పాను. మర్నాడు పాలు పిండి సీసాల్లో పెట్టి, పిల్లని నాకప్పగించి మొదటి బస్సెక్కింది. అల్లుడు తోడొస్తానంటే వద్దంది. రాను మూడు గంటలు, పోను మూడు గంటలు. లాండ్రీ నుంచి నీ గదికి రెండు వీధులని రాశావు. నీ దగ్గరికి కూడా వస్తుందేమోనని నేను రోజంతా గుమ్మం వైపే చూశాను, ఇక్కడినుంచి కనబడుతుందన్నట్టు. వచ్చిందా అని నిన్ను అడగక్కర్లేదు. వచ్చి ఉంటే ఈపాటికి పది పేజీలు రాసేవాడివి.

ఐదింటికి దిగింది.

"కలిశావా?" అన్నాను.

"కలిశాను."

"ఏమంది?"

"కుర్చీ వేసింది."

నీ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. పిల్లని తీసుకుని పాలిచ్చింది. ఆకలేస్తోంది అంది, భోజనం పెట్టాను. తిన్నాక పిల్ల బట్టలు ఉతికి ఆరేసింది.

చెల్లాయి